ముగ్గురిలో ఇద్దరు

"చూడండి," అంది ఇన్‌చార్జి మేడం.

ముగ్గురూ చూశారు. రెండే సెకన్లు. అంతకు మించి చూడకూడదు. ఎక్కువసేపు చూస్తే కన్ను ఆ రంగుకి అలవాటు పడిపోయి, ఉన్న తేడాని కూడా మింగేస్తుంది. స్టాండు మీద ఉన్నది అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ళ. కట్టుడు పళ్ళకి చిగుళ్ళు చేసే గులాబీ ప్లాస్టిక్. సగం బిళ్ళకి వెండి కాగితం చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో వేసి, ఒక రోజంతా గట్టి దీపం కింద ఉంచారు. ఇప్పుడు కాగితం విప్పారు. దీపం తగిలిన సగమూ తగలని సగమూ ఇంకా ఒకే రంగులో ఉన్నాయా లేదా అన్నది ఈ ముగ్గురూ చెప్పాలి. దీనికి యంత్రాలు లేకపోలేదు. కానీ పెట్టుకున్నవాళ్ళ నోట్లోకి తొంగిచూసేది యంత్రాలు కావు, చుట్టపక్కాలు. అందుకని ఈ కంపెనీలో మనుషులే చూసి చెప్పాలని నియమం పెట్టారు.

"నొక్కండి."

ఒక్కొక్కరి ముందు ఒక చిన్న పెట్టె, దానికి నొక్కితే వెలిగే మూడు మీటలు. లేదు, కొద్దిగా, బాగా. మూడో స్టూలు మీద కూర్చున్న ఆమె వేలు తడుముకోకుండా 'కొద్దిగా' మీదికి వెళ్ళింది. ఆమెకి కనపడింది. బిళ్ళ నడిమధ్యన, కాగితం అంచు ఉన్నచోట సన్నటి గీత. ఇటు గులాబీ రంగు, అటు అదే గులాబీలోంచి ఒక్క చుక్క ఎరుపు ఎవరో తీసేసుకుపోయినట్టు. అనుమానమేమీ లేదు.

మేడం తన తెర వంక చూసి, రిజిస్టరులో రాసుకుంటూ పైకి చదివింది. "లేదు, లేదు, కొద్దిగా. మార్పు లేదు. పాస్."

ముగ్గురిలో ఇద్దరు ఏమంటే అదే తీర్పు. మూడోవాళ్ళ మాట రిజిస్టరులో పడి ఉంటుంది, అంతే.

"మూడో కన్ను మళ్ళీ తెరుచుకుందర్రోయ్," అని మొదటి స్టూలు మీంచి నవ్వింది హడావిడి. ఆవిడ బస్సు ఎప్పుడూ పది నిమిషాల్లో వెళ్ళిపోతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు. మూడో స్టూలు కాబట్టి ఈమెకి మూడో కన్ను అని పేరు. మధ్య స్టూలు మీద కూర్చునే పెద్దాయన మాస్టారు. ఎవరు రిజిస్టరులో ఏ తప్పు రాసినా దిద్దేవాడు. ముగ్గురికీ బూడిదరంగు ఆప్రాన్లు. ముదురు రంగు బట్టలు కట్టుకుంటే ఆ ఛాయ బిళ్ళ మీద పడుతుందని. ఒకరి మీట ఇంకొకరికి కనపడకుండా మధ్యమధ్య నల్లటి అట్టలు.

ఆమె నవ్వలేదు. ఎదురుగోడకి ఉన్న బూడిదరంగు పలక వంక కళ్ళు తిప్పుకుని కూర్చుంది. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య అటు చూడాలి.

ఆ రోజు బిళ్ళలన్నీ అయ్యాక మేడం ఆమెని ఆగమంది.

"ఇది ఐదోసారి."

"తెలుసు మేడం."

"ఈ ఒక్క నెలలో ఐదోసారి. నువ్వీ గదికొచ్చి పదకొండేళ్ళు. మొత్తం మీద నువ్వు ఒంటరిగా మిగిలింది ఎన్నిసార్లో తెలుసా? నాలుగు. పాత రిజిస్టర్లన్నీ తిరగేశాను. హడావిడి మిగులుతుంది నెలకి మూడుసార్లు, అది మామూలే. నీకేమైంది?"

"నాకు కనపడింది మేడం. కనపడందే ఎలా నొక్కుతాను?"

"నువ్వు అబద్ధం ఆడుతున్నావని ఎవరన్నారు? వయసు మీద పడుతోంది, కళ్ళు మోసం చేస్తాయి, మనకే తెలీదు." మేడం మనసు చెడ్డది కాదు, అందుకే ఆ మాట ఇంకా భయపెట్టింది. "గురువారం కంటి డాక్టరు వస్తున్నాడు. రంగుల పరీక్ష చేస్తాడు. తేడా ఉంటే మాత్రం పాత సెక్షనుకే. నా చేతిలో ఏం లేదు."

పాత సెక్షనంటే పాలిషింగు. గోడ అవతలే. ఈ గదిలో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ మోటార్ల రొద వినపడుతూనే ఉంటుంది. అక్కడ పళ్ళసెట్లు అరగదీస్తారు. గులాబీ దుమ్ము జుట్టులో, కనురెప్పల మీద, అన్నం డబ్బాలో. దగ్గితే కళ్ళె కూడా గులాబీ రంగే. ఆ దుమ్ము ఇంకో ఏడాది పీలిస్తే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఆమె ఈ స్టూలు మీదికొచ్చింది. ఇప్పటికీ ఆప్రాన్ జేబులో ఇన్‌హేలరు లేకుండా గుమ్మం దాటదు.

"మేడం, అక్కడికి పంపితే నేను బతకను," అంది.

మేడం రిజిస్టరు మూసి, "ముందు పరీక్ష కానీ," అంది.

*

మొగుడు టైలరు. ముందుగదిలోనే మిషను. ఏ గుడ్డకి ఏ దారమో ఎన్నాళ్ళుగానో ఆమే చూసి పెడుతోంది. కొట్లోవాళ్ళు కూడా చూపించలేని దారం ఆమె పెట్టె అడుగునుంచి తీసేది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా దారాల పెట్టె నేల మీద బోర్లించింది.

"ఏమైందే? ఎవరి పెళ్ళికి కుట్టాలి ఇప్పుడు?"

"పరీక్ష పెట్టండి నాకు."

సంగతంతా విని ఆయన మిషను ఆపేశాడు. గులాబీ రంగు రీళ్ళు ఏరి, రెండేసి చొప్పున చూపించాడు. ఆమె టకటకా చెప్పింది. ఇది ముదురు, ఇది లేత, ఇందులో పసుపు ఉంది. పది జతలు చెప్పాక చిన్నగా ఊపిరి పీల్చుకుంది.

"ఇంకొక్కటి," అన్నాడాయన. రెండు దారప్పోగులు తెల్లకాగితం మీద పెట్టాడు.

ఆమె రెండు సెకన్లు చూసింది. "కుడిపక్కది కొంచెం వెలిసింది."

ఆయన కూడా వంగి చూశాడు. తర్వాత, "ఆఁ, వెలిసింది. పాత రీలుది," అన్నాడు.

ఇరవై రెండేళ్ళ కాపురం. ఆయన అబద్ధం చెప్పేటప్పుడు మెడ మీద చెయ్యి వేసుకుంటాడని ఆమెకి తెలుసు. అప్పుడూ ఆ చెయ్యి మెడ మీదే ఉంది.

"ఒకే రీలువి కదూ?"

"నిన్ను ఆటపట్టిద్దామని పెట్టానే. అలిసిపోయి వచ్చావు, కంగారులో ఉన్నావు. కంగారులో ఎవరికైనా..."

"ఒకే రీలువి కదా? చెప్పండి!"

"ఒకే రీలువి."

ఆమె ఆ రెండు పోగులూ వేలికి చుట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. లేని తేడా కనపడుతోంది. అంటే ఈ నెలంతా కనపడిందంతా లేనిదేనా? పదకొండేళ్ళు ఈ కళ్ళని నమ్ముకుని బతికింది. చదువు లేదు, చేతిపని లేదు, ఒంట్లో బలం లేదు. ఉన్నవల్లా ఈ రెండు కళ్ళే, అవి కూడా కాదంటే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

"సెలవు పెట్టి వేరే డాక్టరుకి చూపించుకుందాం," అన్నాడాయన.

"చూపిస్తే ఏమంటాడు, బాగోలేవంటాడు. ఆ ముక్క వాళ్ళ నోట వినడం దేనికి, మీ దారమే చెప్పింది," అని చెప్పులు విడిచింది.

*

మంగళవారం టీ వేళ, ఆమె టీ తాగలేదు. పాలిషింగు గది తలుపు దాకా వెళ్ళి నిలబడింది. ఉండగలనేమో చూద్దామని. ఒకవేళ పంపితే కిటికీ పక్క మోటారు అడుగుదామని, మూతికి రెండు గుడ్డలు కట్టుకుందామని, తనకి తానే బేరాలు చెప్పుకుంటూ. లోపలివాళ్ళు తలెత్తి చూశారు. కనుబొమలతో సహా అందరూ గులాబీ రంగే. ఒకతను చెయ్యి ఊపాడు. రెండు నిమిషాలు కాకుండానే దగ్గు అందుకుంది. ఇన్‌హేలరు రెండుసార్లు నొక్కుకుని, గోడ పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో వెనక్కి వచ్చింది.

ఆ మధ్యాహ్నం నాలుగో బిళ్ళలో మళ్ళీ గీత కనపడింది. నిన్నటికంటే స్పష్టంగా. ఆమె వేలు 'కొద్దిగా' దగ్గర ఆగింది. ఇది కూడా ఒకే రీలు దారమేమో. ఊపిరి బిగబట్టి 'లేదు' నొక్కింది.

"లేదు, లేదు, లేదు," చదివింది మేడం. "చూశావా! ఎంత హాయిగా ఉందో."

నిజంగానే హాయిగా ఉంది. సిగ్గుపడాల్సినంత హాయిగా ఉంది. సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే హడావిడి భుజం తట్టింది. "అలా కలిసిపో అక్కా. ఉందంటే మళ్ళీ కొత్త బిళ్ళలు పోయాలి, మళ్ళీ నానబెట్టాలి, మళ్ళీ చూడాలి. లేదంటే ఎవరింటికి వాళ్ళం పోతాం. నోట్లో పెట్టుకునేవాళ్ళు మాత్రం అద్దం ముందు కూర్చుని కొలుస్తారా?"

ఆమె తల ఊపింది. ఆ బిళ్ళ పోసిన ప్లాస్టిక్ పొడి పాసైతే దానితోనే వేలమందికి చిగుళ్ళు తయారవుతాయి. ఎండలో తిరిగి పనిచేసేవాళ్ళకి ఆరు నెలల్లో ముందుచిగురు వెలిసి, నోరు తెరిస్తే పాతగోడకి అతుకు వేసినట్టు కనపడుతుంది. ఇది తన కళ్ళు నిజమైతే. కళ్ళే తప్పయితే ఏ గొడవా లేదు. రెంటిలో ఏది కోరుకోవాలో కూడా ఆమెకి తెలియలేదు.

*

బుధవారం మీటల పెట్టెలు పనిచెయ్యలేదు. ఎక్కడో తీగ తెగిందని కరెంటు మనిషి మూడూ ఊడదీసుకుని పోయాడు.

"ఈ ఒక్కరోజూ పాత పద్ధతే," అంటూ మేడం అట్టముక్కలూ పెన్సిళ్ళూ పంచింది. ఈ నెల మొదట్లో మీటలు వచ్చేదాకా అదే పద్ధతి. మార్పు లేకపోతే ఒక గీత, కొద్దిగా ఉంటే రెండు, బాగా ఉంటే మూడు.

"చూడండి... రాయండి."

మొదటి బిళ్ళలో తేడా లేదు. ఒక గీత గీసింది. రెండోదాంట్లో ఉంది. పెన్సిలు రెండుసార్లు గీకాక, అయ్యో మళ్ళీ రాశానే అనుకుంది. మేడం అట్టలు తీసుకుని చదివింది. "ఒకటి, రెండు, రెండు. కొద్దిగా మార్పు ఉంది. ఫెయిల్."

మాస్టారికి కనపడింది! మూడో బిళ్ళ, అలాగే. నాలుగు, ఐదు, అలాగే. తనెంతంటే మాస్టారూ అంతే. ఏడుపొచ్చినంత పనయింది. తన కళ్ళకేం కాలేదన్నమాట, ఇన్నాళ్ళూ ఆయనకే ఏదో...

ఆరో బిళ్ళ దగ్గర ఆమె పెన్సిలు ముక్కు విరిగింది. ఒక గీత పడింది, రెండోది పడకముందే విరిగింది. చప్పుడు చెయ్యకుండా పక్కనున్న ఇంకో పెన్సిలు తీసుకుని, అరిగిన మెత్తటి ముక్కుతో రెండో గీత గీసింది.

"ఒకటి, ఒకటి, రెండు," చదివింది మేడం. "అబ్బ, మళ్ళీ మొదలెట్టావా?"

ఆమె మాస్టారి వైపు తిరిగింది. అట్ట అడ్డం. అట్ట అంచు మీంచి ఆయన తల సగం కనపడుతోంది. బిళ్ళ ఎదురుగా ఉంటే ఆయన తల ఎదురుగా లేదు. కొంచెం ఇటు ఒరిగి ఉంది. చెవి ఇటు ఉంది.

అనుకున్నది నిజం కాకపోతే బాగుండునని అనుకుంటూనే ఏడో బిళ్ళ కోసం ఎదురుచూసింది. అందులో ఏమీ లేదు. రెండు సగాలూ అచ్చంగా ఒకటే. "రాయండి," అంది మేడం. ఆమె మెత్తటి పెన్సిలుతో అట్టముక్క మీద చప్పుడు కాకుండా ఒక గీత గీసి, విరిగిన పెన్సిలుతో బల్ల చెక్క మీద గట్టిగా గీకింది. ఒకటి. రెండు. మూడు.

అట్ట అవతల పెన్సిలు కదిలింది. ఒకటి. రెండు. మూడు.

"ఒకటి, మూడు, ఒకటి... మూడా? ఏంటి మాస్టారూ, ఇందులో బాగా మారిందా? ఇవాళ మీ వంతా?" మేడం నవ్వింది. హడావిడి కూడా నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. ఆయన చేతిలో పెన్సిలు కింద పడి దొర్లుకుంటూ ఆమె స్టూలు దగ్గరికి వచ్చింది. ఆమె వంగి తీసి, అట్ట పక్కనుంచి అందించింది. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

*

వెండి కాగితాలు విప్పే గదిలో ఇద్దరే ఉన్నారు. ఆయన నీళ్ళ తొట్టి ముందు నిలబడి బిళ్ళలు కడుగుతున్నాడు. కడిగినవే మళ్ళీ కడుగుతున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి మాస్టారూ?"

"నువ్వొచ్చిన రోజునుంచి."

"అంతకు ముందు?"

"అంతకు ముందు నీ స్టూలు మీద ఇంకొకాయన ఉండేవాడు. అప్పుడు ఆయన పెన్సిలు చప్పుడు వినేవాణ్ణి." ఆయన తల ఎత్తలేదు. "పుట్టుకతోనే అమ్మా. ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకటే బురద. ఆ డాక్టరు చూపించే చుక్కల పుస్తకం ఉంది చూడు, అందులో అంకెలు ఎప్పుడూ అదే వరుసలో ఉంటాయి. బట్టీపట్టి పాసయ్యాను. మొదట్లో ఏదో నాలుగు నెలలు నెట్టుకొచ్చి వేరే పని చూసుకుందామనే అనుకున్నాను."

ఆమెకి తాను ఒంటరిగా మిగిలిన ఆ నాలుగుసార్లూ ఇప్పుడు గుర్తొచ్చాయి. మాస్టారికి టైఫాయిడు వచ్చిన వారం అది. ఆయన స్టూలు మీద స్టోర్సు గుమాస్తా కూర్చున్నాడు.

"మీటలకి చప్పుడు లేదు," అన్నాడాయన. "ఎటూ తేలక అన్నిటికీ లేదు నొక్కుతున్నాను. నువ్విలా ఇరుక్కుంటావని నాకు తట్టలేదు, నిజం చెబుతున్నాను. తట్టాక చెప్పే ధైర్యం రాలేదు. రిటైరవడానికి ఇంకో ఎనిమిది నెలలు ఉంది నాకు. ఈలోగా తెలిస్తే ఇన్నేళ్ళదీ మోసం కింద లెక్కేసి గెంటేస్తారు."

ఆమెకి కోపం వచ్చింది. కొట్టాలన్నంత కోపం. "నేను రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు తెలుసా? మా ఆయన ముందు దారాలు పరుచుకుని ఏడ్చాను. నిన్న ఆ దుమ్ముగదికి నేనే వెళ్ళి నిలబడ్డాను, అలవాటు చేసుకుందామని! మీరు పక్కనే కూర్చుని..."

దగ్గు వచ్చింది. ఆయన తడిచేతులతోనే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె తాగి, గ్లాసు ఆయన చేతికివ్వకుండా గట్టు మీద పెట్టింది.

"రేపు చెప్పెయ్యమ్మా. నేను కాదనను," అన్నాడాయన. "నీ కళ్ళు చాలా మంచివి. ఆ సంగతి నాకంటే తెలిసినవాడు లేడు."

*

గురువారం డాక్టరు చుక్కల పుస్తకం చూపించాడు. ఆమె ప్రతి అంకే చెప్పింది. రంగురంగుల మూతలు ఇచ్చి వరుసలో పేర్చమన్నాడు. పేర్చింది. ఒక్క తప్పు లేదు. కంగారులో ఉన్నప్పుడు అందరికీ లేనివి కనపడతాయనీ, ఒకే రంగుని రెండనడం పెద్ద విషయం కాదనీ చెప్పాడు. అవకాశం ఉంటే కాస్త నిద్రపొమ్మన్నాడు.

మేడం ఆ కాగితం రెండుసార్లు చదివింది. "నీ కళ్ళకి ఏమీ లేదు. సంతోషం. కానీ ముగ్గురూ కలవడం లేదు కదా. ఎవరో ఒకర్ని మార్చమని పైవాళ్ళు పట్టుబడుతున్నారు. మిగతా ఇద్దరూ ఒకటంటే నువ్వొకటంటున్నావు, మారిస్తే నిన్నే మార్చాలి."

"కళ్ళు బాగున్నా కూడానా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. నిన్న చూశావుగా, పెన్సిళ్ళు పట్టుకుంటే నువ్వూ మాస్టారూ ఒక్క మాట. మీటలొచ్చాకే వచ్చిందీ తంటా. ఆ పెట్టెల్లోనే ఏదైనా లోపమా? నీకేమైనా తెలిస్తే చెప్పు. ఇప్పుడే చెప్పు, మళ్ళీ అడగను."

గోడ అవతల మోటార్లు తిరుగుతున్నాయి. ఆమె ఆప్రాన్ జేబులో ఇన్‌హేలరుని గట్టిగా పట్టుకుంది. నిజం నాలిక చివరే ఉంది. చెబితే మాస్టారు ఈ సాయంత్రమే గేటు దాటతాడు. ఆ స్టూలు మీదికి స్టోర్సు గుమాస్తా వస్తాడు. ఆ గుమాస్తా కళ్ళెంత గొప్పవో టైఫాయిడు వారంలోనే చూసింది. మళ్ళీ ఇద్దరూ లేదంటారు, తను ఉందంటుంది, మళ్ళీ ఇదే గదిలో ఇదే మాట.

"ఆ మీటలకి చిన్న దీపాలున్నాయి చూడండి మేడం," అంది. "ఎర్రదీ పచ్చదీ. నొక్కగానే వెలుగుతాయి. ఆ వెలుగు కంట్లో పడ్డాక తర్వాతి బిళ్ళ సరిగ్గా కనపడదు. మాస్టారిది పెద్ద వయసు, ఆయనకి ఇంకా కష్టం. పెన్సిళ్ళే నయం."

మేడం ముఖం వికసించింది. "అరె! ఈ మాట నెలరోజుల క్రితమే చెప్పకపోయావా? అనవసరంగా నిన్ను ఏడిపించాను."

మధ్యాహ్నానికల్లా, బాగై వచ్చిన పెట్టెలు అటక ఎక్కాయి. కొత్త పెన్సిళ్ళు, గట్టి ముక్కువి, చెక్కించి పెట్టారు. మాస్టారు తన స్టూలు మీద కూర్చుంటూ ఆమె వంక చూశాడు. చేతులు జోడించబోతే ఆమె కళ్ళతోనే వద్దంది. కూర్చుని, ఆప్రాన్ సర్దుకుంది. బతికిపోయాను అనుకుంది. నెలరోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఛాతీ నిండా వెళ్ళింది.

"చూడండి," అంది మేడం.

ఆమె చూసింది. గీత ఉన్నట్టుంది. లేనట్టూ ఉంది. దీపం తగిలిన సగం ఒక పిసరు వెలిసిందా, లేక బిళ్ళ తడి సరిగ్గా ఆరక అలా ఉందా? రెండు సెకన్లు అయిపోయాయి. ఇలాంటివి ఇంతకు ముందూ వచ్చాయి, నెలకి అయిదారు. అప్పుడు ఏదో ఒకటి గీసేసేది. తను పొరబడినా పక్కన ఇద్దరున్నారు కదా, వాళ్ళు సరిచేస్తారనే ధైర్యం. పదకొండేళ్ళు ఆ ధైర్యంతోనే గీసింది. అవన్నీ ఎవరు సరిచేశారు?

"రాయండి."

మొదటి స్టూలు దగ్గర పెన్సిలు ఒక్కసారి గీకింది. బస్సు వేళయింది మరి. మధ్య స్టూలు దగ్గర ఏ చప్పుడూ లేదు. అట్ట అంచు మీద నెరిసిన జుట్టు, ఆ జుట్టు కింద చెవి, ఇటే ఒరిగి ఉంది.

"రాయమ్మా."

ఆమె పెన్సిలు అట్టముక్కకి ఆనించింది. ఒక గీత గీసింది. రెండోది గియ్యాలా అని ఆగింది. ఆగిన ఆ క్షణంలోనే అవతల ఒక గీత వినపడింది.

"ఒకటి, ఒకటి, ఒకటి," చదివింది మేడం సంబరంగా. "మార్పు లేదు. పాస్."

"మేడం, ఒక్కసారి మళ్ళీ చూపిస్తారా?"

"ముగ్గురూ ఒకే మాట అన్నాక ఇంకేం చూస్తావు?" అని మేడం నవ్వి, ఆ బిళ్ళ తీసేసి తర్వాతిది పెట్టింది.